తోమకూడని ఇత్తడి

నేను ఒక గులాబీ పువ్వుల అచ్చుని. పేరు విని ఏ పెళ్ళిపందిట్లోనో వేలాడే అలంకారమనుకునేరు. జానెడు ఇనప కడ్డీ, దాని చివర అరచేతిలో పట్టేంత ఇత్తడి పువ్వు, అంతే నా ఆకారం. నన్ను కాగే నూనెలో కాల్చి, పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెట్టి మెల్లగా ఆడిస్తే, నన్ను పట్టుకున్న పిండి కరకరలాడే పువ్వై ఊడి పైకి తేలుతుంది. ఏడాదంతా వంటింటి మేకుకి వేలాడి, క్రిస్మస్ సెలవుల్లో నాలుగైదు రోజులు మాత్రం బతికే బతుకు నాది. ఆ నాలుగైదు రోజుల్లో ఒకరోజు నేను చేసిన పనికి ఇప్పటికీ నా మీద నాకే కోపం. అది చెప్పడానికే ఈ కథంతా.

నా పుట్టుక అజ్జరంలో. ఒక కంచరి కరిగిన ఇత్తడిని మట్టి అచ్చులో పోసి, చల్లారాక మట్టి పగలగొట్టి నన్ను బయటికి తీశాడు. అక్కణ్ణించి నరసాపురం బజారుకొచ్చాను. అక్కడ దీనమ్మ అనే ఆవిడ నన్ను అటూ ఇటూ తిప్పి, గోటితో మీటి, మోత విని, సంచిలో వేసుకుంది. ఇంటికి తెచ్చి మూడు రోజులు నూనెలో నానబెట్టింది. మొదటి ఇరవై పువ్వులూ పెంకెతనంగా పట్టుకుని వదల్లేదు నేను. ఆవిడ విసుక్కోలేదు. గీకి కోళ్ళకి వేసింది. ఏటేటా నూనె తాగి తాగి నా ఒళ్ళు నల్లబడింది. ఆ నలుపే నా పనితనం. నలుపున్నంతకాలం పువ్వు దానంతట అదే జారేది.

దీనమ్మ పోయేముందు నన్ను కోడలు రాహేలమ్మ చేతిలో పెట్టి ఒక్కటే చెప్పింది. "దీన్ని ఎప్పుడూ తోమమాకమ్మా. గుడ్డతో తుడిచి, నూనె చుక్క రాసి తగిలించెయ్." రాహేలమ్మ ఆ మాటని బైబిలు వాక్యంలా పట్టుకుంది. కానీ తను పట్టుకుందే గాని, ఇంకెవరికీ చెప్పలేదు.

రాహేలమ్మ మంచి మనిషి. ఐదో తరగతి దాకా చదివింది. వంటలో ఆవిడ చెయ్యి ఆ వీధిలో పేరున్న చెయ్యి. కాకపోతే భయం. కుక్కరు కూత వేస్తే పేలిందేమోనని గోడ వారకి జరిగేది. కూతురు కెజియాకి చేప పెడితే ముల్లు తీసి, తీసిన చోట ఇంకోటుందేమోనని వెతికి, ఆఖరికి పిల్లకి చల్లారిన ముద్ద మిగిలేది. దగ్గొస్తే క్షయ, జ్వరమొస్తే టైఫాయిడు, ఇంటి ముందు ఆటో ఆగితే ఎవరో ఏదో కబురు తెచ్చారు. దేవుడి వేళాకోళం చూడండి, అలాంటి మనిషికి గోదారి మీద పంటు నడిపే సరంగు మొగుడయ్యాడు. సామ్యేలు రోజూ పొద్దున్నే రేవుకెళ్ళి, వసిష్ఠ పాయ దాటించి సఖినేటిపల్లికి జనాన్నీ బళ్ళనీ చేరవేసేవాడు. ఆయన వచ్చేదాకా ఈవిడ ప్రాణం సగం నీళ్ళలోనే ఉండేది. శకునాలు నమ్మకూడదని పాస్టరుగారు చెప్పారు. ఆవిడ నమ్మేది కాదు. ఊరికే భయపడేది, అంతే.

ఆ భయమే కెజియాని వంటింటి గడప దాటనిచ్చేది కాదు. "నేనోటి వేత్తానే అమ్మా, ఒక్కటే" అని పిల్ల ప్రతి డిసెంబరులోనూ బతిమాలేది. "నూనె చిందితే మొహం కాలిపోద్ది. పై యేడు చూద్దాంలే." పై యేడు వచ్చేది, దానికీ ఓ పై యేడు ఉండేది. పిల్ల గడప మీద కూచుని మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని నన్నే చూసేది. వందల పువ్వులు వేశాను గాని, నన్నంత ఆశగా చూసినవాళ్ళు లేరు.

కెజియాకి తొమ్మిదో యేడు. క్రిస్మస్ సెలవులిచ్చారు. పండగ ముందు ఇంట్లో ఇత్తడంతా పెరట్లోకి దిగింది, బిందెలు, గంగాళం, పళ్ళాలు. తోమే పనిలో నిప్పు లేదు గనక అది పిల్లకి అప్పజెప్పారు. చింతపండు, బూడిద, కొబ్బరిపీచు పెట్టి సాయంత్రం దాకా తోమింది. అన్నీ బోర్లించాక వంటింట్లోకి వచ్చి చూస్తే మేకుకి నేనొక్కదాన్నే మసిబొగ్గులా మిగిలాను. దానికి జాలేసింది. పీట వేసుకుని ఎక్కి నన్ను దించింది. ఒక్కో రేకునీ, రేకు సందునీ, చీపురుపుల్లకి గుడ్డ చుట్టి మరీ తోమింది. తెల్లారి అమ్మ చూసి ఆశ్చర్యపోవాలని ఎవరికీ చెప్పకుండా మళ్ళీ తగిలించింది. దాచకుండా చెబుతున్నాను, మెరిసిపోతున్న నన్ను చూసుకుని నేనూ మురిసిపోయాను. నా పనితనమంతా పెరటి కాలవలో పోయిందని నాకైనా తట్టలేదు.

తెల్లారి మంచు. వీధి అవతల మేడ కూడా కనబడనంత మంచు. సామ్యేలు ఎప్పట్లాగే రేవుకెళ్ళాడు. రాహేలమ్మ కిటికీలోంచి మూడుసార్లు తొంగి చూసి, మనసు మళ్ళించుకోడానికి పొయ్యి వెలిగించింది. బియ్యప్పిండిలో కొబ్బరిపాలు, గుడ్లు, పంచదార కలిపి ఉంచింది. మసక వెలుతురు, కంగారు చూపు. నా మెరుపు చూడకుండానే నూనెలో పెట్టింది. పిండిలో ముంచి మళ్ళీ పెట్టి ఆడించింది. పువ్వు ఊడలేదు. గీకి మళ్ళీ వేసింది. ఊడలేదు. నాలుగు, ఐదు, ఆరు. కొత్త పెళ్ళాం పుట్టింటి చీరని పట్టుకున్నట్టు పట్టుకున్నాను పిండిని. వదలాలని నాకు మాత్రం లేదా? వదలడం చేతకాలేదు.

అప్పుడొచ్చింది పక్కింటి లూదమ్మ. మా వీధి మొత్తానికి అచ్చుని నేనొక్కదాన్నే కావడంతో, రాహేలమ్మ తర్వాత వంతు ఆవిడది. గడప దగ్గరే నవ్వింది.

"ఏంటొదినా, అచ్చు పెళ్ళికూతుర్లా ధగధగలాడిపోతంది! ఎవరు చేశారీ సింగారం?"

రాహేలమ్మ అప్పుడు చూసింది నన్ను. గడప మీద కూచున్న కెజియా, మెచ్చుకోలు కోసం ఎదురు చూసి చూసి ఉన్న పిల్ల, "నేనే!" అని లేచి నిలబడింది.

లూదమ్మ అంతటితో ఆగితే బాగుండేది. "అన్నట్టు రేవు కాడ ఏం కనిపించట్లేదంట. పొద్దుట పోయిన పంటు అవతలొడ్డుకి చేరలేదని చెప్పుకుంటన్నారు" అంది.

రాహేలమ్మ మొహంలో నెత్తురు లేదు. ఒకచేత్తో నన్ను పట్టుకునే కూతురి వైపు తిరిగింది. నా ఒంటినుంచి మాడిన పిండి రాలుతోంది. "ఎవరు ముట్టుకోమన్నారే నిన్ను? పండగ పూట పువ్వు ఊడకుండా చేశావు. ఇదిగో చెప్తన్నాను, మీ నాన్నకేమన్నా అయిందంటే అది నీ చేతి పాపమే."

పిల్ల ఏడవలేదు. రెండు చేతులూ గౌను వెనక్కి దాచుకుని ముందుగదిలోకి వెళ్ళింది.

ఒక్క పువ్వు, ఆరింట్లో ఒక్కటి నేను వదిలి ఉంటే ఆ మాట వచ్చేది కాదు. ఇన్నేళ్ళుగా నన్ను తొలిచే సంగతి ఇదే.

మధ్యాహ్నానికి మంచు విడింది. సామ్యేలు నవ్వుతూ వచ్చాడు. పంటు ఇసక మేట మీదికెక్కి ఆగిపోయిందట. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరో పెళ్ళివారు తెచ్చుకున్న బూరెలు అందరూ పంచుకుని తిన్నారట. రాహేలమ్మ ఆయన చొక్కా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది, ప్రార్థన చేసింది, ఆయనకి వేడివేడిగా వడ్డించింది. సంగతి విని ఆయన తేలిగ్గా నవ్వేశాడు. "ఇత్తడన్నాక తోమరేంటి? తప్పేముంది?" పిల్లని అన్న మాట సంగతి మాత్రం ఆయనకెవరూ చెప్పలేదు. ముందుగదిలో పిల్ల ఉందని, దానికీ ఒక కబురు బాకీ ఉందని ఎవరికీ తోచలేదు.

సాయంత్రం రాహేలమ్మ గిన్నెలో పాయసం పట్టుకుని పిల్ల దగ్గరికి వెళ్ళింది. "తిను" అంది. పిల్ల తింది. రాహేలమ్మ ఇంకేదో అనబోయి, "చల్లారిపోద్ది, తొందరగా తిను" అని వచ్చేసింది. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం ఆ వంటింట్లో ఎవరూ ఎవరికీ నేర్పని వంట. రేపు చెబుదాంలే అనుకుంది. రేపు పండగ, ఎల్లుండి చుట్టాలు, ఆ తర్వాత బడి తెరిచారు.

నన్ను మళ్ళీ నూనెలో నానబెట్టారు. రెండేళ్ళకి మళ్ళీ నల్లబడ్డాను. పువ్వులు మళ్ళీ జారాయి. గడప మీద మాత్రం ఎవరూ లేరు.

కెజియా ముందుగదిలో, లూదమ్మ దగ్గర నేర్చుకున్న లేసు అల్లుకుంటూ కూచునేది. ఆ అల్లికలోనే దాని సెలవులన్నీ గడిచాయి. సరదాగా మొదలుపెట్టిన పనే దానికి పేరు తెచ్చింది. పెద్దయ్యాక లేసు కంపెనీలో తప్పులు పట్టే ఉద్యోగం దొరికింది. ఊళ్ళోనే మూడు వీధుల అవతల సంసారం. "మా కెజియా చెయ్యి పడితే దారం కూడా మాట వింటుంది" అని రాహేలమ్మ చేపలమ్మే ఆవిడతో సహా అందరికీ చెప్పేది. కెజియాకి తప్ప. ప్రతి డిసెంబరులోనూ ఒకసారి మాత్రం గొంతు సవరించుకుని అడిగేది. "ఈసారి నువ్వు వేత్తావేంటే పువ్వులు?"

"ఒద్దులే అమ్మా. నా చేతి సంగతి నీకు తెలుసు కదా." నవ్వుతూనే అనేది. తల్లీ నవ్వేది. ఆ పూట వేసిన పువ్వుల్లో రెండు మూడు మాడేవి.

నేను ఆవిడ చేతిలో ఇన్నేళ్ళు ఉన్నాను గనక చెబుతున్నాను. పంటు మునగలేదు. కుక్కరు పేలలేదు. పిల్ల గొంతులో ముల్లు గుచ్చుకోలేదు. సామ్యేలు రిటైరై, గోదారిని ఒడ్డునుంచి చూస్తూ హాయిగా ఉన్నాడు. ఆవిడ భయపడిన వాటిల్లో ఒక్కటీ జరగలేదు. జరిగినదాని గురించి ఆవిడ ఒక్కనాడూ ముందుగా భయపడలేదు.

ఈ యేడు రాహేలమ్మకి కంటి శుక్లం తీశారు. నెల్లాళ్ళు పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నారు. కెజియా సెలవు పెట్టి రోజూ వచ్చి వంట చేసి వెళుతోంది. పండగ రెండ్రోజులుందనగా, మధ్యాహ్నం వేళ, కత్తిపీట ముందు కూచుని వంకాయలు తరుగుతోంది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తల్లి పీట మీద కూచుంది.

"అచ్చు దించు" అంది రాహేలమ్మ.

"లూదమ్మత్తకి ఇచ్చి రానా?"

"కాదు" అంది. "మీ నాన్న పంటు ఆగిపోయిన రోజున నేనో మాటన్నాను."

"ఏ మాట?" అంది కెజియా. కానీ కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"నీకు గురుతుంది."

"ఉంది."

"పాపం నీ చేతిది కాదే. నా నోటిది. మర్నాడే చెబుదామనుకున్నాను. సిగ్గేసింది. తర్వాత, మర్చిపోయావేమో, మళ్ళీ గురుతుచెయ్యడమెందుకని భయమేసింది."

వంకాయ ముక్కలు నీళ్ళలో వేసి, చేతులు కడుక్కుని, అప్పుడు మాట్లాడింది కెజియా. కోపంగా కాదు. ఎవరి కథో చెబుతున్నట్టు.

"ఆ మాట నేను నమ్మలేదమ్మా. ఇత్తడి తోమితే పడవ మునగదని నాకప్పుడే తెలుసు. నువ్వు నమ్మావు. నాన్న రాకపోతే నువ్వింక నా మొహం చూడవేమోనని, పొద్దుటినుంచీ అదే అనుకుంటా కూచున్నాను. నాన్నొచ్చాడు. నువ్వు ఆయన దగ్గరికెళ్ళావు."

రాహేలమ్మ కళ్ళద్దాల కిందనుంచి నీళ్ళు కారితే తుడుచుకోబోయింది. "కన్ను నలపకు, డాక్టరు ఒద్దన్నాడు" అంది కూతురు. ఇద్దరిలో ఇప్పుడు ఎవరు ఎవరికి జాగ్రత్త చెబుతున్నారో నాకే తెలియలేదు.

"వేత్తావా పువ్వులు?" అంది తల్లి.

"నాకు రాదు కదా."

"నేర్పలేదు కదా మరి." చెప్పడానికి నోరు తెరిచింది, "నూనె ముందు..." అని ఆపేసింది. గోడ పట్టుకుని లేచింది. "నేనిక్కడుంటే ఏదోటి అంటాను. అరుగు మీద ఉంటాను. కావాలంటే పిలు."

అలా నన్ను మొదటిసారి నూనె ముందు పట్టుకుంది కెజియా. లేసు సూది పట్టే తేలిక చెయ్యి. నేను కాలకముందే పిండిలో ముంచింది. మొదటి పువ్వు అంటుకుంది. గీకింది. రెండోసారి పిండి నా నెత్తి మీదికొచ్చేదాకా ముంచింది. అదీ రాలేదు. నూనె ఒక్కసారి చిటపటలాడి చిందింది.

బయట అరుగు మీద నులకమంచం కిర్రుమంది, లేచినట్టుంది. కాసేపటికి మంచం మళ్ళీ కిర్రుమంది. కూచుంది.

కెజియా కూడా విన్నట్టుంది.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నానే."

"ఏం మాట్టాడవేంటి?"

"ఏం మాట్టాడను? నువ్వు చేసుకుంటన్నావు కదా."

ఇంతే. ఇంత చిన్న మాట. గడప మీద మోకాళ్ళకి గడ్డం ఆనించుకుని కూచున్న పిల్లకి ఇది చాలేది. ఇప్పుడు ఆ పిల్లకి చెంపల దగ్గర రెండు తెల్లవెంట్రుకలొచ్చాయి. కెజియా చేతిలో నేను నూనెలోకి దిగి, బాగా కాలేదాకా నిలబడి, పిండిలోంచి వచ్చి, ఈసారైనా వదలాలని నాకున్న ఇత్తడంతా కూడగట్టుకున్నాను.

పువ్వు ఊడింది. వంకరగా, ఒక రేకు తక్కువగా ఊడింది. కెజియా నవ్వలేదు, ఎవరినీ కేకేసి చూపించలేదు. పుల్లతో తిప్పి, ఎర్రబడ్డాక తీసి పళ్ళెంలో వేసింది. ఊదుకుంటూ చివర చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది. తర్వాత నన్ను మళ్ళీ నూనెలో పెట్టింది.