మెత్తని నీళ్లూ ఏడు కుండీలూ

మా చెల్లెలు పోయిన నాలుగో నెలలో ఆమె ఆర్కిడ్ మొక్కల ఆకులు కొసల నుంచి మాడడం మొదలైంది. అప్పటికి నాకు ఏ విషయమూ పెద్దగా పట్టడం లేదు. పాలు పొంగితే పొయ్యి కట్టేసి, గట్టు తుడిచి, మళ్లీ గిన్నె పెట్టేదాన్ని. విసుగు కూడా వచ్చేది కాదు. ఆకుల సంగతీ అలాగే గమనించాను. మొదట కొసన గోధుమరంగు గీత, వారానికి అది అంగుళం లోపలికి, ఆ తరువాత ఆకంతా పసుపు. తేదీలు వేసి ఒక కాగితం మీద రాసుకున్నాను.

చెల్లెల్ని ఇంట్లో పిట్ట అనేవాళ్లం. పళ్ల డాక్టరు దగ్గర ముప్పై ఏళ్లు బయటి బల్ల వెనక కూర్చుని, వచ్చినవాళ్ల పేర్లు రాసుకున్న మనిషి. దవడ పట్టుకుని వచ్చినవాణ్ని సైతం నవ్వించి లోపలికి పంపేది. నేను దాదాపు అంతే కాలం కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పాను. ఎవరినీ నవ్వించిన గుర్తు లేదు. ఉద్యోగాలు ముగిశాక ఇద్దరం ఈ మూడు గదుల ఇంట్లో కలిసి ఉన్నాం. పుస్తకాల గది నాది, తూర్పు బాల్కనీ ఆమెది, తగువులు ఉమ్మడి.

బాల్కనీలో నలభై దాకా మొక్కలున్నా, లెక్కలోకి వచ్చేవి ఏడు. ఆరేళ్ల కిందట పిట్ట ఒక పసుపు ఆర్కిడ్ పుప్పొడిని అగ్గిపుల్లతో తీసి ఒక ఊదా పువ్వులో పెట్టింది. కాయ పండాక, పొడిలా ఉండే ఆ గింజలను ఒక నర్సరీవాళ్లు సీసాల్లో మొలిపించి ఇచ్చారు. బతికి బట్టకట్టినవి ఏడు. అటువంటి మొక్క పూయడానికి ఆరేడేళ్లు పడుతుంది కనుక, వాటి పువ్వు ఏ రంగులో ఉంటుందో పిట్టకు తెలియలేదు, ఎవరికీ తెలియదు.

"పసుపే వస్తుంది, చూస్తూ ఉండక్కా" అనేది.

"రాదు. ఊదారంగు పైకి తేలుతుంది. పసుపు దాని కింద నలిగిపోతుంది."

"ఇన్నేళ్లుగా నువ్వు నా పైన ఉన్నావుగా. నేనేమైనా నలిగిపోయానా?"

ప్రతి కుండీకీ తెల్లని రేకు గుచ్చి, దాని మీద తేదీ, సంఖ్య వేసి, కింద 'రంగు' అని రాసి పక్కన ఖాళీ వదిలింది. ఆ ఏడు మొక్కలకు మరోచోట జంట లేదు. అవి పోతే ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది. నేను కాగితం మీద తేదీలు వేస్తున్న రోజుల్లోనే రెండు చచ్చిపోయాయి. మిగిలిన ఐదింటిని కాపాడాలని నిర్ణయించుకున్నాను. అది కోరికలా అనిపించలేదు, ఎవరో అప్పగించిన పనిలా అనిపించింది.

మా ప్రాంతపు భూగర్భజలం కఠినమైనదని అందరికీ తెలుసు. ఆకు కొసలు మాడితే నీటిలోని లవణాలే కారణమనీ తెలుసు. ఈ రెండింటినీ కలిపితే వచ్చే సమాధానం ఒక వడపోత యంత్రం. అందుచేత ఫిల్టర్లు బిగించే మనిషిని పిలిపించాను. మాకు పాతవాడే. చేతిసంచీ దించి, బాల్కనీలోకి తొంగిచూశాడు.

"మన నీళ్ల గురించి చెప్పాలా మేడమ్‌గారూ! బకెట్లో పట్టి పెడితే తెల్లారేసరికి గోడ కట్టుకోవచ్చు. మొక్కలకైతే మూడు దారులున్నాయి. బొగ్గు ఫిల్టరు, రెజిన్ గొట్టం, ఆర్వో."

"కరిగిన లవణాన్ని బొగ్గు ఆపదు."

"ఆపదండీ. కానీ పెట్టించుకున్నవాళ్లకు తృప్తిగా ఉంటుంది."

"నాకు తృప్తి అక్కర్లేదు."

"అదీ నిజమేలెండి" అని తల గోక్కున్నాడు. "నీళ్లు పరీక్ష చేయించారా? లెక్క తెలిస్తే ఏది సరిపోతుందో చెబుతా."

"ఎవరిచేతా చేయించక్కర్లేదు. నేనే చేస్తాను."

"మీరు చేస్తే ఇంక తిరుగేముంది" అని కాఫీ తాగి వెళ్లిపోయాడు.

పదవీవిరమణనాడు విద్యార్థులిచ్చిన గాజు బ్యూరెట్టు అటక మీద ఉంది. దింపి కడిగాను. కావలసిన రసాయనాలు కళాశాలలో నా తరువాత వచ్చిన ఆమె పంపింది. ఈ పరీక్షను ముప్పై నాలుగేళ్లపాటు ఏటా వంద మందితో చేయించాను. కొలిచిన నీటిలో చిటికెడు నల్లని సూచిక వేస్తే, నీరు కఠినమైనదైతే ద్రాక్షపండు ఎరుపులోకి మారుతుంది. అప్పుడు బ్యూరెట్టు నుంచి చుక్కచుక్కగా ద్రావణం వదలాలి. ఎరుపు ఎక్కడ నీలమవుతుందో అక్కడ ఆపి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూసుకోవాలి. అదే కఠినత కొలత.

వంటింటి కుళాయి నీళ్లలో చిటికెడు వేశాను. ఎరుపు రాలేదు. ఒక్క చుక్క కూడా వదలకముందే నీరు నీలంగా ఉంది.

మందు పాడైందనుకుని మరో రెండుసార్లు చేశాను. నీలమే. కింద దొడ్డి కుళాయి నుంచి గ్లాసుడు నీళ్లు తెచ్చి అదే మందుతో చూశాను. వెంటనే ఎర్రబడింది, నీలం కావడానికి ఇరవై ఒక్క మిల్లీలీటర్లు పట్టింది. లీటరుకు నాలుగు వందల ఇరవై మిల్లీగ్రాములన్నమాట. మందు బాగానే ఉంది. దొడ్డిలో రాళ్లలాంటి నీళ్లు, ఇంట్లో కఠినత సున్నా. ఈ రెండు కుళాయిల మధ్య ఏముందో ఆలోచించడానికి నాకు ఎక్కువసేపు పట్టకూడదు. చాలాసేపే పట్టింది.

పద్దెనిమిది నెలల కిందట, చికిత్స మొదలయ్యాక పిట్టకు ఒళ్లంతా దురద. ఈ నీళ్లతో స్నానం చేస్తే చర్మం పొలుసులు లేచేది, సబ్బు నురగ వచ్చేది కాదు. ఇంటికి వచ్చే గొట్టం మీద ఇదే మనిషి చేత నేనే నీళ్లను మెత్తబరిచే సాఫ్ట్‌నర్ బిగింపించాను. దొడ్డి కుళాయి దానికి ముందే చీలిపోతుంది. మొదటిరోజు స్నానం చేసి వచ్చి, "నీళ్లు పట్టుగుడ్డలా ఉన్నాయక్కా" అని పిట్ట తన చెయ్యి నా చెంపకు ఆనించింది.

సాఫ్ట్‌నర్ నీటిలోంచి లవణాన్ని తీసేయదు. ఒక్కొక్క కాల్షియం అయాన్‌ను పట్టుకుని, దాని స్థానంలో రెండు సోడియం అయాన్లను వదులుతుంది. చర్మానికి అది హాయి, వేళ్లకు విషం. దీన్ని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో చెప్పలేను. అటువంటి నేనే నాలుగు నెలలపాటు ఆ నీళ్లను గ్లాసుతో కొలిచి మరీ మొక్కలకు పోశాను. పైపెచ్చు కఠినత లేని నీటికి కఠినత తీసే యంత్రం వెతికాను.

ఇక్కడ గొలుసులో ఒక లంకె తగ్గింది. సాఫ్ట్‌నర్ పెట్టాక పిట్ట పద్నాలుగు నెలలు బతికింది. ఆ పద్నాలుగు నెలలూ మొక్కలు పచ్చగానే ఉన్నాయి. ఆమె వాటికి ఏ నీళ్లు పోసింది?

బాల్కనీ అలమర తెరిచాను. ఎరువుల సంచుల వెనక రెండు ఖాళీ డబ్బాలు ఉన్నాయి. ఐదేసి లీటర్లవి, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌వి. మూత మీద దుకాణం చీటీ.

ఆ దుకాణం మూడు వీధుల అవతల ఉంది. కార్లకూ ఇన్వర్టర్లకూ బ్యాటరీలు అమ్మే ఇరుకు గది, నేల మీద ఆమ్లం తిన్న మచ్చలు. దుకాణదారు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ముందు నా చేతిలోని ఖాళీ డబ్బాను చూసి, తరువాత నన్ను చూశాడు.

"మీరు అక్కగారా?"

"అవును."

"ఆవిడ రావడమే మానేశారు. ఒంట్లో ఎలా ఉందండీ?"

"చనిపోయింది. ఇది ఐదో నెల."

అతను గుడ్డ పక్కన పెట్టి, స్టూలు జరిపి నన్ను కూర్చోమన్నాడు. ఎన్నాళ్లపాటు వచ్చిందని అడిగాను.

"ఏడాది పైనే. మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. చక్రాల సంచీ ఈడ్చుకుంటూ వచ్చేవారు. నా మొక్కలకు చార్జింగ్ అయిపోయిందయ్యా అనేవారు. నేను ఇంటికి పంపిస్తానమ్మా అంటే, వద్దు బాబూ, మా అక్క ఎందుకని అడుగుతుంది, ఆవిడ అడగడం మొదలుపెడితే పరీక్ష హాల్లో కూర్చున్నట్టే అని నవ్వేవారు."

డాక్టరు నడవమన్నాడని నాతో చెప్పి వెళ్లేది. మంగళవారం, శుక్రవారం.

"ఇంకేమంది?"

"మీరేమీ అనుకోకూడదు మరి."

"అనుకోను."

"నా దురద చూడలేక మా అక్క మిషను పెట్టించింది, ఆ నీళ్లు ఒంటి మీద పడితే ప్రాణం లేచొస్తుంది, కానీ మొక్కలకు పడటం లేదు అన్నారు. చెప్పేయొచ్చు కదమ్మా అన్నాను. చెబితే రేపటికల్లా మిషను పీకించేస్తుంది, తప్పంతా నాదేనని నెల్లాళ్లు అన్నం మానేస్తుంది, నాకు మిషనూ కావాలి, మొక్కలూ కావాలి, మా అక్క అన్నం తినడమూ కావాలి, అందుకే నీ దుకాణం అన్నారు."

అతను చెప్పడం ఆపాక రెండు డబ్బాలు ఇవ్వమన్నాను. డబ్బాకు ఐదు కిలోల బరువు. చివరి నెలల్లో పిట్ట బరువు ముప్పై ఎనిమిది. ఇంటికి వచ్చే దారిలో నేను మూడు చోట్ల ఆగాను. ఆమె ఎన్ని చోట్ల ఆగేదో తెలుసుకునే మార్గం లేదు.

ఏడవడానికి వీలుగా ఉంటుందని తలుపు వేసుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు. లేచి, ఆర్కిడ్లకు మట్టికి బదులు వేసే బెరడు ముక్కల్లో పేరుకున్న సోడియం కొట్టుకుపోయేలా ఐదు కుండీలనూ ఆ నీళ్లతో కడిగాను. వారంపాటు అదే పని. వాటిలో రెండింటికి అప్పటికే వేళ్లు కుళ్లిపోయాయి. మూడు మిగిలాయి.

ఫిల్టర్ల మనిషి మళ్లీ వచ్చాడు. విషయం చెబితే నాలుక కరుచుకున్నాడు.

"అయ్యో! ఆరోజు మొక్కలకు ఏ కుళాయి నీళ్లు పోస్తున్నారని నేనైనా అడగాల్సింది. మరి సాఫ్ట్‌నర్ తీసేసి ఆర్వో పెట్టమంటారా?"

"తీయొద్దు. దాని తరువాత పెట్టండి."

"అలాగైతే ఇంకా మంచిది. ఆర్వోలో పొరకు సున్నం పట్టదు, నాలుగు కాలాలు ఉంటుంది. సోడియాన్ని అది ఎలాగూ ఆపేస్తుంది. పాత మిషను కొత్తదానికి కాపలా అన్నమాట. మేడమ్‌గారూ, మీరు ముందుచూపుతోనే పెట్టించారు!"

"ముందుచూపు లేదు" అన్నాను. పొరపాటు ఉపయోగంలోకి వచ్చినంత మాత్రాన అది పొరపాటు కాకుండా పోదు. ఆ సంగతి అతనికి చెప్పలేదు. స్పానరుతో గొట్టం బిగిస్తున్నాడు.

ఆర్వో నీరు మరీ ఖాళీగా ఉంటుంది. మొక్కకు కొంత కాల్షియం కావాలి. అందుచేత తొమ్మిది గ్లాసుల ఆర్వో నీటికి ఒక గ్లాసు దొడ్డి కుళాయి నీరు కలుపుతాను. మంగళవారం, శుక్రవారం పోస్తాను. వేరే రోజులైనా మొక్కలకు తేడా ఉండదు.

ఐదు నెలలకు మూడో సంఖ్య కుండీలో పూలకాడ లేచింది. మరో రెండు నెలలకు, ఒక ఉదయం, మొదటి మొగ్గ విచ్చుకుంది. ఊదారంగు. ఏ నర్సరీలోనైనా దొరికే ఊదా.

"చెప్పానా లేదా?" అని పైకే అన్నాను. వెనక వంటింట్లో ఫ్రిజ్ మోటారు తిరుగుతోంది.

భూతద్దం తెచ్చి పువ్వు గొంతులోకి చూశాను. లోపల, అడుగున, నువ్వుగింజంత పసుపు ఉంది. పిట్ట ఉంటే రాదన్నావు, వచ్చిందిగా అని మధ్యాహ్నం దాకా వాదించేది. ఎంత వచ్చిందన్నది ఆమెకు ఏనాడూ లెక్క కాదు. స్కేలు పెట్టి కొలిచాను. తెల్ల రేకు మీద ఆమె అక్షరాల పక్కన, ఆమె వదిలిన ఖాళీలో రాశాను: ఊదా. గొంతులో పసుపు, రెండు మిల్లీమీటర్లు.

వంటింట్లో ఆర్వో కింద పెట్టిన డబ్బా నిండి పొర్లుతున్న చప్పుడు వినిపించింది. వెళ్లి కుళాయి కట్టేశాను.