గుమ్మం దగ్గర నీళ్లు

మామయ్య ఇంట్లో లేని రోజు కూడా ఆయన గది గుమ్మం దగ్గర నీళ్లు నిలిచి ఉన్నాయి.

ఫినాయిల్ డబ్బా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కొన్నాళ్లుగా పొద్దున్నే అక్కడ తడి. వయసు మీదపడిన మనిషి, రాత్రిపూట బాత్రూమ్ దాకా ఆపుకోలేకపోతున్నారని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. మా ఆయనతో అన్నాను. ఆడపడుచుకి ఫోన్ చేసి మరీ చెప్పాను. అక్కడితో ఊరుకున్నానా? "కాస్త ముందే లేవకూడదా మామయ్యా!" అని ఆయన మొహం మీదే అనేశాను. ఆయన తల దించుకుని "సరేనమ్మా" అన్నారు. నిన్న కూతురింటికి బయల్దేరుతుంటే, పెద్దవాళ్ల డైపర్ల ప్యాకెట్ ఆయన చూస్తుండగానే సంచిలో కుక్కాను.

ఇన్నాళ్లూ ముక్కు మూసుకుని, దూరం నుంచే ఫినాయిల్ గుమ్మరించేదాన్ని. ఇవాళ వంగి వేలు పెట్టి చూశాను. జిడ్డుగా ఉంది. నిమ్మకాయ సబ్బు వాసన. గిన్నెలు కడిగే మిషన్‌లో మేం వేసే సబ్బు అది.

తల కొట్టేసినట్టయింది.

నేను చేసేది కుట్టుమిషన్లు బాగుచేసే పని. "దారం తెంపుతోందమ్మా" అని ఎవరైనా తెస్తే, విప్పి చూడందే మిషన్ మీద ఒక్క మాట పడనివ్వను. మనిషి దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఏ గంగలో కలిసిందో!

డిష్‌వాషర్ ఆ గుమ్మం పక్కనే, వంటగట్టు కింద ఉంటుంది. ఇల్లు కొన్నప్పుడు ఇంటితో పాటే వచ్చిన పాతది. భోజనాలయ్యాక ఆన్ చేసి పడుకుంటాం. దాని ముందు నేల ఎప్పుడూ పొడిగానే ఉండేది కాబట్టి దాన్నెవరూ అనుమానించలేదు.

"ఒసేయ్ ముదనష్టపుదానా, నీ పని చెప్తానుండు" అంటూ ప్లగ్ పీకి, కింది రేకు స్క్రూలు విప్పి, లోపల పాత పేపర్లు పరిచాను. తలుపు రబ్బరు చుట్టూ టిష్యూ కాగితాలు అంటించాను. మళ్లీ ప్లగ్ పెట్టి, ఆన్ చేసి, టార్చితో నేల మీద బోర్లా పడుకున్నాను. నీళ్లు నిండుతున్నంతసేపూ ఏమీ లేదు. గిన్నెలు కడుగుతున్నప్పుడూ లేదు. టిష్యూలు పొడిగానే ఉన్నాయి. మురికినీళ్లు బయటికి తోసే పంపు గుర్రుమనగానే, దానికి తగిలించిన పైపు దగ్గర టపటపా మొదలైంది. పైపు చివర చీలింది, బిగించిన క్లిప్ తుప్పుపట్టి వదులైంది. నీళ్లు వెనకవైపుకి జారి, టైల్స్ సందులో పాక్కుంటూ వెళ్లి గుమ్మం దగ్గర తేలుతున్నాయి.

ఆడపడుచుకి ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే ఆవిడే అందుకుంది.

"వదినా, నాన్న నిన్న పొద్దుగూకాక గుక్కెడు నీళ్లు ముట్టలేదు. అన్నంలో కూడా తాగలేదు. రాత్రి మంచం వద్దని చాప పరుచుకున్నారు. పరుపు పాడైతే నాకు చాకిరీ అట!"

గుమ్మడికాయల దొంగంటే దొంగే భుజాలు తడుముకుంటాడంటారు. ఏ పాపం ఎరగని మనిషి చేత నేను తడిమించాను. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది.

మా ఆయన కొత్త క్లిప్ కొనుక్కొచ్చి "దొరికిందిగా, బిగించెయ్" అన్నాడు.

"బిగించేస్తే మామయ్యకి ఏం చూపిస్తాను? నా మాటేనా? నా మాట వినే ఆయన ఇలా అయ్యారు. కళ్లతో చూడనివ్వండి."

సాయంత్రం మామయ్య వచ్చారు. చెప్పులు విడుస్తూనే గుమ్మం వైపు దొంగచూపు చూశారు. చెయ్యి పట్టుకుని మిషన్ ముందు స్టూల్ మీద కూర్చోబెట్టాను. టార్చి ఆయన చేతికే ఇచ్చి, మురికినీళ్లు తోడేసే దాకా మిషన్ నడిపాను. చుక్కలు పడ్డాయి, ధార కట్టాయి. ఆయన టార్చి వెలుగు ఆ ధార వెంటే మెల్లగా జరుగుతూ తన గది గుమ్మం దగ్గర ఆగింది.

"అయితే... నేను కాదా అమ్మా?"

"కాదు మామయ్యా. ఒక్కనాడూ మీరు కాదు. చూడకుండా, తెలుసుకోకుండా నోటికొచ్చినట్టు అన్నాను. నాదే తప్పు. నన్ను క్షమించండి."

"నా పంచె పొడిగానే ఉండేదమ్మా" అన్నారాయన, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "అయినా నువ్వన్నావు కదా. నాకే తెలియకుండా పోతోందేమో అనుకున్నాను."

ఏడుస్తూనే ప్లగ్ పీకి పని మొదలుపెట్టాను. ఆయన టార్చి పట్టారు. చీలిన ముక్క కోసేసి, మిగతా పైపు గట్టిగా లోపలికి తోసి, కొత్త క్లిప్ బిగించాను. మళ్లీ తిప్పితే ఒక్క చుక్క రాలేదు. మామయ్య స్వయంగా వంగి, గుమ్మం దగ్గర టైల్‌ని అరచేత్తో తడిమి చూసుకున్నారు.

గ్లాసు నిండా మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి. గ్లాసు అందుకుని, కిటికీ వైపు చూశారు. బయట చీకటి పడింది.

"ఇప్పుడు తాగొచ్చా అమ్మా?" అని అడిగారు.