బాలుసామి మామ హారన్

బాలుసామి మామ పోయి రెండు నెలలైంది. ఆయన వ్యాన్ అమ్మేయాలని నేను లెక్క తేల్చినాను. రాజపాళయంలో నైటీల హోల్‌సేల్ కడ, అంటే అంగడి, నాది. తళవాయిపురంలో కుట్టిస్తాను. వాటిని వ్యాన్‌లో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మింది మా అమ్మ తమ్ముడు బాలుసామి మామ. అమ్మేవాడే లేనప్పుడు వ్యాన్ ఎందుకు? టైర్లు అరిగినాయి, ఇన్సూరెన్స్ కట్టాలి, వాకిట్లో నిలబెడితే తుప్పు పడుతుంది.

"నీ లెక్క సరేరా అల్లుడా," అన్నది మామ భార్య రంగమ్మాళ్ అత్త. "ఇన్నేళ్ళలో నేను ఒక్క దినం ఆ వ్యాన్ వండిలో కూర్చోలేదు. అమ్మే దినమైనా కూర్చుంటాను." అమ్మొద్దు అనే మాట ఆమె నోట రాలేదు. మొహం నిండా మాత్రం అదే ఉన్నది.

కొనేవాడు పొన్‌రాజ్, కూరగాయల వ్యాపారి. నడిపి చూడాలన్నాడు. ముగ్గురమూ ముందు సీట్లో ఇరుక్కుని మంసాపురం దారి పట్టినాము. మామ దించకుండా వదిలిన రెండు మూటలు వెనక అట్లే ఉన్నాయి.

దారి పొడుగునా పొన్‌రాజ్ తప్పులు వెతికినాడు. బ్రేకు మెత్తనంట, గేరు గట్టంట. ధర తగ్గించాలనుకునేవాడు చేసే పనే అది. నేనైనా అదే చేస్తాను.

అత్తకి అవేమీ పట్టలేదు. "కుమిళి మలై కొండదారిలో ఏనుగు అడ్డం వచ్చిన కథ చెప్పినాడా నీకు? వండి మీద వేలాడేసిన నైటీని తొండంతో లాక్కుని అడవిలోకి పోయిందంట. ఇంటికి వచ్చి ఏమన్నాడో తెలుసా? 'శాంపిల్ ఇచ్చినాను రంగూ, తిరిగి ఇయ్యలేదు. కలర్ నచ్చినట్టుంది' అన్నాడు!"

పొన్‌రాజ్ స్టీరింగ్ మీద వాలిపోయి నవ్వినాడు. నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. ఒక వానాకాలం వాగు పొంగి బస్సులన్నీ నిలిచిపోతే, మామ వండిని ఇవతలే వదిలి, మూట నెత్తిన పెట్టుకుని మెడలోతు నీళ్ళలో దాటినాడు. అవతల ఊళ్ళో పెళ్ళికి వచ్చి తడిసిపోయిన ఆడవాళ్ళు మూట మూటంతా కొన్నారు. "పొడిబట్ట ఉన్నది నా ఒక్కడి దగ్గరే కదా!" అని కడలో బల్ల గుద్ది చెప్పినాడు. మునిగి ఉంటే ఏమయ్యేది అని నేను తిట్టినాను. "మునగలేదు కదా, అదీ లెక్కలో వెయ్" అన్నాడు.

మంసాపురంలో మొదటి వీధికి తిరిగేసరికి మేకలు అడ్డం పడినాయి. కిటికీ పక్కన కట్టిన పాత రబ్బరు హారన్ పొన్‌రాజ్ కంటబడింది. "ఇదైనా పనిచేస్తుందా?" అని పట్టి పిసికినాడు.

పోంయ్! పోంయ్!

అంతే. రెండు పక్కలా తలుపులు తెరుచుకున్నాయి. దోసపిండి చేతులతో ఒకామె, సగం జడతో ఒక పిల్ల, పరుగో పరుగు. అందరికన్నా ముందు వెళ్ళయమ్మాళ్, ఆ వీధికంతా పెద్దామె, కొంగు నడుముకి చుట్టి వచ్చింది.

"ఏం బాలుసామీ, రెండు నెలలు ఎక్కడ చచ్చినావు?"

అత్త కిందికి దిగింది. "నిజంగానే చచ్చిపోయినాడక్కా," అన్నది.

వెళ్ళయమ్మాళ్ తన నోరు తనే కొట్టుకుంది. అత్తని గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుని, "సెల్లు పెట్టుకునేదానికి జోబు కుట్టించి తెస్తానన్నాడే," అన్నది.

అత్త వెనక తలుపు తెరిచి మూట విప్పింది. పైనే ఉన్నది, జోబు ఉన్న ఊదారంగు నైటీ.

"పొడుగు చాలుతుందా? వాడైతే ఏసుకుని చూపిస్తాడు," అన్నది వెళ్ళయమ్మాళ్.

అది నిజం. చొక్కా వేష్టి మీదనే నైటీ తగిలించుకుని, మీసం మెలేసి, వీధిలో రెండు చుట్లు తిరిగేవాడు మామ. కడ మర్యాద పోతుందని నేను ఎన్నోసార్లు గొడవపడినాను.

అందరూ పొన్‌రాజ్‌ని చూసినారు. పొన్‌రాజ్ నన్ను చూసినాడు. అత్త నైటీని నా మీదికి విసిరింది.

"ఏసుకో."

"అత్తా, నేను కడ ఓనర్‌ని!"

"ఆ కడ ఎవరు తిరిగితే నడిచిందిరా?"

ఏసుకున్నాను. తల పోయి చేతి సందులో ఇరుక్కుంది. వీధంతా గొల్లుమంది. "తిరుగు పా, వెనక కూడా చూడాలి!" తిరిగినాను. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఎప్పుడూ అట్ల తిరగలేదు.

"అంతా సరే, మీసం లేదే!" అని కేకేసింది సగం జడ పిల్ల.

"వచ్చే వారం మీసంతో వస్తాను!" అన్నాను.

లెక్క వేయకుండా నా నోట వచ్చిన మొదటి మాట అది. అత్త గిర్రున తిరిగి నన్ను చూసింది.

ఒకటి విప్పితే ఇంకొకటి తగిలించినారు. మొదటి మూట ఖాళీ అయింది. పొన్‌రాజ్ నన్ను పక్కకి లాగినాడు. "అన్నా, హారన్ తీయకుండా ఇస్తే ధర కాస్త పెంచుతాను."

పొద్దున నించి తప్పులు వెతికినవాడు ఇప్పుడు తానే ధర పెంచుతున్నాడు. టైర్లు, ఇన్సూరెన్స్, తుప్పు, అన్నీ లెక్కలో వేసినాను. ఈ వీధిని వేయలేదు. అత్త హారన్ పక్కనే నిలబడి ఉన్నది.

"వండి ఇచ్చేది లేదు పొన్‌రాజ్. కావాలంటే మీ ఇంట్లోవాళ్ళకి ఒక నైటీ తీసుకుపో."

అత్త ఒక్క ఊపున వ్యాన్ ఎక్కి హారన్ పిసికింది. మేకలు చెదిరిపోయినాయి. నేను డ్రైవర్ సీట్లో కూర్చుని, ఒంటి మీది పువ్వుల నైటీ విప్పబోయినాను.

"విప్పొద్దురా," అన్నది అత్త. "ఇంకొక మూట ఉంది. సత్రపట్టికి పోనీ."