పదింట మూడు

ఉదయం ఎనిమిదింటికి వల్దెరోబ్లేలో కుళాయిలు వచ్చాయి. పదింటికి మళ్ళీ కట్టేస్తారు. ఆ రెండు గంటలూ ఊరు ఊరంతా బకెట్లు, డబ్బాలు, బట్టలు, అంట్లు తప్ప మరో ధ్యాస లేకుండా పరుగులు పెడుతుంది. కొర్దోబా నగరానికి ఉత్తరాన ఉన్న ఆ ఊరికి నీళ్ళిచ్చే జలాశయం అడుగంటి ఏడు నెలలైంది. కుళాయిలో వచ్చేవి తాగడానికి పనికిరావు. తాగే నీళ్ళు ట్యాంకరులో కూడలికి వస్తాయి.

ఆ సోమవారం పురపాలక గుమాస్తా కసిల్దా ఎప్పటిలాగే మైకు ముందు కూర్చుంది. ఊళ్ళో ఏ కబురైనా లౌడ్‌స్పీకర్లలో ఆమె గొంతుతోనే వినిపించాలి. చావు కబుర్లు, పన్ను గడువులు, తప్పిపోయిన కుక్కల ఆనవాళ్ళు, అన్నీ పదహారేళ్ళుగా ఆమే చదువుతోంది. ఆ రోజు ఆమె చేతిలో వాతావరణ కేంద్రం పంపిన కాగితం ఉంది. గురువారం ఆ ప్రాంతంలో వర్షం పడే అవకాశం నలభై శాతమని అందులో రాసి ఉంది.

మేయరు ఎవారిస్తో ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఆ శాతాలెందుకు కసిల్దా? జనం ఇప్పటికే డీలాపడి ఉన్నారు. గురువారం వాన అని చెప్పెయ్. కాస్త గుండె నిబ్బరం వస్తుంది."

"పడకపోతే?"

"పడకపోతే ఆ కాగితం పంపినవాళ్ళది తప్పు. ఆకాశం మన శాఖ కాదుగా."

ఆమెకూ ఆ మాట తప్పుగా తోచలేదు. వాన కావాలని ఆమెకు మాత్రం లేదా? పెన్ను తీసి నలభై శాతాన్ని తన చేత్తోనే కొట్టేసింది. "గురువారం వర్షం పడుతుంది" అని చదివింది.

ఆ ఒక్క వాక్యంతో ఊరికి ప్రాణం లేచి వచ్చింది. వారాల తరబడి దాచుకున్న నీళ్ళతో ఇళ్ళు కడుక్కున్నారు. వాడిన మిరప మొక్కలకు తనివితీరా పోశారు. ఊరి చివర మేకలు మేపుకునే ఇలారియో, బుధవారం పశువుల ట్యాంకరులో తనకు రావలసిన వంతును పక్క దొడ్డివాళ్ళకు ఇచ్చేశాడు. "వాళ్ళ పందులు ఆగలేవు పాపం. నా నీటి గుంట రేపటికి నిండుతుందిగా" అన్నాడు. పశువులకు మళ్ళీ ట్యాంకరు రావాలంటే తొమ్మిది రోజులు ఆగాలి.

గురువారం మబ్బు పట్టింది. గాలి వీచింది, దుమ్ము లేచింది. ఒక్క చినుకు రాలలేదు.

ఆదివారం నాటికి ఇలారియో తన ఎనభై మేకల్లో యాభైని బేరగాడి లారీ ఎక్కించాడు. దాహం తీర్చలేనివాడు పశువును ఉంచుకోలేడు. లారీ కూడలి దాటుతుంటే, వెనకే నడుస్తున్న ఇలారియోకు కసిల్దా ఎదురైంది. లారీలో మేకలు అరుస్తూనే ఉన్నాయి.

"బాబాయ్..." అంది.

"నిన్నేమీ అనడం లేదమ్మాయ్" అన్నాడు ఇలారియో, టోపీ తీసి నుదురు తుడుచుకుంటూ. "టీవీవాడు చెబితే నా వంతు ఇచ్చేవాణ్ణి కాదు. నువ్వు చెప్పావని ఇచ్చాను."

తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

మర్నాడు ఆఫీసు తెరవగానే ఆమె వాతావరణ కేంద్రానికి ఫోన్ చేసింది. ఎల్విరా అనే అధికారిణి ఎత్తింది.

"మీ మాట నమ్మి మా ఊరు ఎండిపోయిందండీ. వాన అన్నారు, ఏదీ?"

"మేం పంపిన కాగితం మీ దగ్గరుందా? ఒక్కసారి చదవండి."

కసిల్దా కాగితం తీసింది. కొట్టివేతలోంచి నలభై కనబడుతూనే ఉంది. ఆమె చదవలేకపోయింది.

ఎల్విరా నెమ్మదిగా చెప్పింది. "అలాంటి రోజులు పది వస్తే నాలుగు రోజులు వాన, ఆరు రోజులు పొడి. మాకు తెలిసింది అంతే. అంతకు మించి చెబితే అది జోస్యం అవుతుంది. మేం తప్పిన రోజులూ ఉన్నాయి, ఒప్పుకుంటాం. కానీ మాకున్న సందేహాన్ని దారిలో ఎవరో తీసేస్తే, మీ ఊరికి చేరేది మా మాట కాదు కదండీ?"

ఫోన్ పెట్టేశాక కసిల్దా ఆ కాగితాన్ని మడిచి మైకు కింద పెట్టుకుంది.

గురువారం మరో కాగితం వచ్చింది. ఆదివారం వర్షం పడే అవకాశం ముప్పై శాతం. మేయరు మళ్ళీ పక్కకు చేరాడు. ఆమె కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

"ఇందులో ఉన్నదంతా చదువుతాను. వద్దంటే మైకు మీరే తీసుకోండి."

"నవ్వుతారు."

"నవ్వనివ్వండి."

మేయరు మైకు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, బయటికి నడిచాడు. కసిల్దా మైకు నొక్కింది.

"పోయిన వారం వాన పడుతుందని చెప్పాను. కాగితంలో ఉన్నది నలభై శాతమే. దాన్ని కొట్టేసింది నేనే, తప్పు నాదే. ఈ ఆదివారం పదింట మూడు వంతులు వాన, ఏడు వంతులు పొడి. ట్యాంకరు వంతు ఎవరూ వదులుకోవద్దు. దాచిన నీళ్ళు ముట్టుకోవద్దు. చూరు కింద మాత్రం డబ్బాలు పెట్టుకోండి."

ఆ సాయంత్రం బారులో ఒకటే నవ్వులు. "కసిల్దా, శనివారం మా మేనకోడలి పెళ్ళి. పదింట ఎన్ని వంతులు అవుతుందంటావ్?" అని బారు యజమాని ఆట పట్టించాడు. ఆమె కాఫీ తాగి, లేచి వెళ్ళింది. అయినా జనం తమ ట్యాంకరు వంతులు వదులుకోలేదు. చూరుల కింద డబ్బాలూ వెలిశాయి.

ఆదివారం మధ్యాహ్నం గంటన్నర సేపు వాన కురిసింది.

తగ్గీ తగ్గకముందే, కూడలిలో కసిల్దాను చూసి బారు యజమాని గుమ్మంలోంచి కేకేశాడు. "ఏడు వంతులు పొడి అన్నావుగా? మళ్ళీ తప్పావే."

బదులు చెప్పింది కసిల్దా కాదు. మోకాళ్ళ దాకా బురదతో, పలుగు భుజాన వేసుకుని అటుగా వస్తున్న ఇలారియో.

"ఎక్కడ తప్పిందిరా? మూడు వంతులు వాన అని కూడా చెప్పిందిగా, ఆ మూడులో పడ్డాం. నేను ట్యాంకరు నీళ్ళు పట్టుకున్నాను, గుంటకు కాలువా తీశాను. వాన రాకపోయినా నా ముప్పై మేకలూ బతికేవి. వచ్చింది గనక గుంట సగం నిండింది. మొదటిసారే ఇలా చెప్పి ఉంటే ఎనభై ఉండేవి."

బారు ముందు ఎవరూ నవ్వలేదు. కసిల్దా తల దించుకుని విన్నది, తప్పించుకోలేదు.

ఆ ఒక్క వానతో కరువు తీరలేదు. మర్నాడు కూడా కుళాయిలు ఎనిమిదింటికి వచ్చి పదింటికి ఆగిపోయాయి. కసిల్దా మైకు ముందు కూర్చుని ఆ రోజు కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అంకె దాకా చదివింది. ఊరు పనులాపి విన్నది. ఆకాశం ఎవరి మాటా వినదు. కానీ ఎంత తెలుసో, ఎంత తెలియదో దాచకుండా చెప్పడం మనిషి చేతిలో పని. కరువులో జనానికి కావలసింది తియ్యని కబురు కాదు, పూర్తి కబురు.