వణికే చారలు

లేజరు కాంతిని గాజుపలకతో రెండుగా చీల్చి, అద్దాలతో మళ్లీ కలిపితే గోడ మీద చారలు పడతాయి. సైన్స్ ఫెయిర్ కోసం ఆ ఇంటి చిన్న కూతురు పెట్టుకున్న ఈ పాత ప్రయోగంలో చారలు కుదురుగా ఉంటే కదా! పక్కగదిలో అమ్మ కుట్టుమిషను తొక్కినప్పుడల్లా గజగజ వణికాయి.

"నీకు దణ్ణం పెడతా, కాసేపు ఆపవే అమ్మా!"

"గౌను నీ చారలు కుడతాయా?" అని విసుక్కుంటూనే అమ్మ ఆపింది. చారలు బుద్ధిగా నిలబడ్డాయి. అప్పుడు తట్టింది చిన్నదానికి: ఎక్కడో నక్షత్రాలు ఢీకొంటే భూమిదాకా వచ్చే వణుకును శాస్త్రవేత్తలు ఇప్పుడు పట్టుకుంటున్నది ఇలా కాంతిని చీల్చి కలిపే ఉపాయంతోనే!

ఫెయిర్‌లో న్యాయనిర్ణేత పెదవి విరిచాడు. "పాతదే కదమ్మా, కొత్తేముంది?"

చిన్నది పక్కనే, ఇంటి నుంచి తెచ్చుకున్న కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మ వైపు తిరిగింది.

"నక్షత్రమ్మా, ఇక తొక్కు!"