పాటకీ పాటకీ మధ్య

మా ఊరి రేడియో తీసా నది ఒడ్డున, పాత పాలకేంద్రం పైగదిలో ఉంది. ఆదివారం మధ్యాహ్నం చర్చి గంటలు ఆగగానే దెసాంకా అత్త శుభాకాంక్షలు చదువుతుంది. మిలుంకాకు మనవరాలు పుట్టిందనీ, ఆమె చెల్లెలు కోరిన అకార్డియన్ పాట వినమనీ చెబుతుంది. ఆ పాటలన్నీ ఒక పాత కంప్యూటర్‌లో ఉన్నాయి. దాన్ని ఒక్కొక్క ముక్కా తెచ్చి కూర్చినవాడు ఆమె భర్త వోయా. ఆయన ఇప్పుడు లేడు.

ఈ శీతాకాలం పాటలు వేసే ప్రోగ్రాం మొరాయించింది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటేనే నడుస్తానంది. ఆ సిస్టమేమో భద్రతా చిప్ లేదంది, మెమరీ చాలదంది. స్టేషన్‌లో యంత్రాల పని చూసేది నేనే.

"ఏం మార్చుకుంటావో మార్చుకో యాగొదా," అంది అత్త. "ఆ రొద మాత్రం పోకూడదు. అది వోయాది."

పాటకీ పాటకీ మధ్య మా రేడియోలో సన్నని రొద వచ్చేది, దూరంగా ఎక్కడో తేనెటీగలున్నట్టు. వోయా బిగించిన సౌండ్ కార్డుది ఆ చప్పుడు. నా చిన్నప్పుడు అమ్మ రేడియో మీట తిప్పుతూ ఆ రొద దొరకగానే చెయ్యి తీసేసేది. పాట వచ్చేదాకా ఆగేది కాదు.

శనివారం పెట్టె విప్పాను. కొత్త మదర్‌బోర్డు, ప్రాసెసర్, మెమరీ బిగించి, పాటలున్న డిస్క్ తగిలించాను. వోయా కార్డు నా చేతిలో మిగిలిపోయింది.

"పట్టదా?"

"దీనికి తగ్గ గాడి లేదత్తా. వేరే ముక్క మధ్యలో పెట్టి చూశాను. కొత్త సిస్టమ్ గుర్తుపట్టట్లేదు."

"వోయాని గుర్తుపట్టనిదెవరే ఈ ఊళ్ళో!" అంది. నవ్వబోయి ఆగిపోయింది. కార్డు మీద దుమ్ము చేతిరుమాలుతో తుడిచి స్వెట్టర్ జేబులో వేసుకుంది.

ఆదివారం మొదటి పాట అయిపోయింది. ఆ వెంటనే ఏ చప్పుడూ లేదు. అత్త చీటీ వెతుక్కుంటుండగా ఫోన్ మోగింది. రేవులో పడవ నడిపే రదివోయ్ మామ.

"దెసాంకా! దుకాణం మూసేశారా ఏంటి? నా రేడియో చచ్చిందనుకుని రెండు తగిలించాను."

"దాన్నెందుకు కొడతావయ్యా, పాపం."

"మరి వోయా ఏడీ?"

అత్త ఫోన్ పెట్టేసింది. రెండో పాట ముగుస్తుంటే, అత్త చీటీ తీసేదాకా మైకు మూసి ఉంచుదామని ఎప్పటిలాగే మీట దించబోయాను. నా చెయ్యి పట్టుకుని ఆపింది.

మైకు తెరిచే ఉంది. అత్త తీరిగ్గా కాఫీ గిన్నెలో చెంచా తిప్పింది. పొయ్యిలో కట్టె చిటపటమంది. కుర్చీ కిర్రుమంది. తరువాత చీటీ అందుకుని చదివింది.

మళ్ళీ ఫోన్.

"ఆఁ, ఇప్పుడున్నారు," అన్నాడు మామ. "చక్కెర తక్కువెయ్యి."

"నా కాఫీ, నా ఇష్టం," అంది అత్త. ఊరంతా విన్నది. జేబులోంచి కార్డు తీసి మైకు కాడకు ఆనించి నిలబెట్టింది.

సాయంత్రం ఇంటికెళితే అమ్మ అంది, "దెసాంకా కుర్చీ కిర్రుమంటోందే. కాస్త నూనె వెయ్యకూడదూ?"

"వద్దులే అమ్మా," అన్నాను.