ఐదో ముక్క

పాపక్క ఇనుప బ్రాకెట్‌ను దీపం కింద తిప్పి, పగులు లేదని మంచివాటి ట్రేలో పెట్టింది. పదకొండోది. నలభై చూడాలి. ముక్కు మీద కొత్త కళ్లద్దాలు బరువుగా ఉన్నాయి. వాటి లోపలి అంచున ఉన్న బుల్లి కెమెరాలు ఆమె కనుపాపలను వెంటాడుతున్నాయి. చూపు ఎక్కడ వాలితే లాప్‌టాప్ తెరమీద ఎర్రచుక్క అక్కడ వాలుతోంది.

బెంగళూరు నుంచి వచ్చిన పరిశోధకురాలు నళిని ఆ చుక్కనే చూస్తోంది. అనుభవమున్నవాళ్లు పగులును ఎలా పట్టుకుంటారన్నది ఆమె పరిశోధన. నలభైలో ఐదు పగిలినవి కలిపానని పాపక్కకు ముందే చెప్పింది.

పాపక్క భయం వేరు. ఆరు నెలలుగా కుడికంటికి మబ్బు కమ్మింది. ఎవరికీ చెప్పలేదు. హోసూరు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు చేసినా ఆమె కాంట్రాక్టు మనిషే. కన్ను సంగతి తెలిస్తే గేటు బయటే.

ఇన్నాళ్లూ ఆమెను కాపాడింది బొటనవేలు. సొంతూరు బేరిగైలో గొర్రె గిట్టలోని ముల్లును చీకట్లో తడిమి పట్టడం నాన్న బైరప్ప నేర్పాడు. ఇనుములో వెంట్రుకంత పగులూ ఆ వేలికి ముల్లులాగే తగిలేది. అందుకే ఆమె గ్లౌజులు వేసుకునేది కాదు. ఈరోజు సూపర్‌వైజర్ అనంతకుమార్ దగ్గరుండి తొడిగించాడు.

"పెండ్లికూతురు మాదిరి ఉండావే పాపక్కా. పూలొక్కటే తక్కువ," అన్నాడు. "ఆడిట్‌లో రాసినారు. ఇంక దినామూ గ్లౌజులే."

"పూలు నువ్వు తెచ్చియ్యప్పా," అంది.

నలభై అయ్యాయి. పగిలినవని తీసేసిన వాటి ట్రేలో నాలుగే ఉన్నాయి.

"ఎట్ల చేసిందమ్మా?" అనంతకుమార్ తెరవైపు వంగాడు. నళిని లాప్‌టాప్ మూసేసింది.

"చెప్పకూడదు సార్. ఇందులో పేర్లుండవు, నంబర్లే. ఒప్పుకొని మీరూ సంతకం పెట్టారు."

అతను టీ తేవడానికి వెళ్లాడు. నళిని గొంతు తగ్గించింది. "అక్కా, మీ కుడికన్ను ఎడమకంటితో కలిసి రావడం లేదు. డాక్టరుకు చూపించండి. నేనెవరికీ చెప్పను."

గండం గడిచింది. అయినా పాపక్క లేవలేదు.

"ఐదోది యాడుందమ్మా?"

నళిని మంచివాటి ట్రేలోంచి తీసి ఇచ్చింది. పాపక్క దీపం కిందికి తెచ్చి చూసింది. నునుపైన ఇనుము. కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. ఏమీ లేదు. గ్లౌజు ఊడదీసి బొటనవేలితో తడిమింది. వంపు దగ్గర వేలు ఆగింది.

"ఇవి యాడికి పోతాయో తెలుసునా? బస్సు బ్రేకు కాడికి."

"అది టెస్టు ముక్క. బయటికి పోదక్కా."

"రేపటివి పోతాయి కదమ్మా."

అనంతకుమార్ మూడు గ్లాసులతో వచ్చాడు. పాపక్క కళ్లద్దాలు తీసి నళిని చేతికిచ్చింది.

"అప్పా, నా కుడికన్ను పోయింది. ఈడ ఇంకొకరిని పెట్టు."

అతను నళిని వైపు చూశాడు. "మిషన్ చెప్పిందా?"

"మిషన్ ఏమీ చెప్పలేదప్పా. నేనే చెప్తా ఉండాను." చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకున్న చిన్న సీసా తీసి టేబుల్ మీద పెట్టింది. "కంట్లో ఇది పోసుకొని నెట్టుకొచ్చినాను."

"వారం దాకా ఉండు పాపక్కా. మేనేజర్‌తో మాట్లాడతా."

"వారానికి ఎన్ని బస్సులప్పా?"

టీ తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. గేటు దగ్గర షేర్ ఆటో ఎక్కుతూ వెనక్కి తిరగలేదు.

నళిని యంత్రాన్ని పెట్టెలో సర్దుకుంది. అనంతకుమార్ ట్రేలు ఎత్తించాడు. ఖాళీ అయిన టేబుల్ మీద, దీపం కింద, కంటిచుక్కల సీసా మిగిలింది. అడుగున ఇంకా రెండు పూటలకు సరిపడా మందు ఉంది.